పొగ పోయినంక

ముందే చెప్తున్న, నేను బతికే ఉన్న. ఈ మాట మొదట్ల రాయకపోతే మా బంధువులల్ల సగంమంది సగం చదివి ఫోన్ చేస్తరు. రెండు పూటల మందు పీలుస్తున్న, మెట్లెక్కంగ నడుమ ఒకసారి ఆగుతున్న, మిగతాదంత మామూలే. మా అత్తమ్మ కూడ బతికే ఉన్నది. కాని ఆమె సంగతి ఒక్క ముక్కల రాసేది కాదు. ఇదంత రాస్తున్నది అందుకే.

ఇంకోటి కూడ ముందే చెప్తున్న. దుమ్ము గురించి నేను రెండేండ్లు కొట్లాడిన. ఇది చదివి, చూసిండ్రా ఆమెదే తప్పు, దుమ్ముది కాదు అని ఎవరన్న సంబరపడాలనుకుంటే ఆ సంబరం దాచుకోండ్రి. దుమ్ము నిజం. పొద్దుగాల తుడిచిన టీవీ మీద మధ్యాహ్నానికి వేలుతోని పేరు రాయొచ్చు. నా ఊపిరిని సగం చెడగొట్టింది ఆ దుమ్మే. మిగతా సగం ఎవరు చెడగొట్టిండ్రో ఒప్పుకోనికి నాకు చాన రోజులు పట్టింది.

మొదటి చలికాలం

మాది సుల్తానాబాద్. చుట్టూ రైసు మిల్లులు. నేను బీఏ చదివి పదేండ్లు ప్రైవేట్ స్కూల్ల సోషల్ చెప్పిన. మా ఆయన తిరుపతి పాత ఆదిలాబాద్ జిల్లాల ఒక బొగ్గు బాయిల ఓవర్‌మన్. ఊరి పేరు, కంపెనీ పేరు రాయను, ఆయనకు ఇంక నౌకరి ఉన్నది. ఓవర్‌మన్ అంటే భూమి లోపట షిఫ్టుల పనిచేసేటోళ్ళ పానాలకు జవాబుదారి. చేతిల మిషన్ పట్టుకొని తిరిగి ఎక్కడ గ్యాస్ ఉన్నది, ఎక్కడ లేదు చూసి, రిజిస్టర్ల రాసి, సంతకం పెట్టాలె. ఇరవై ఐదేండ్లు ఆయన కంపెనీ క్వార్టర్ల ఒక్కడే ఉండి, శనివారం రైలెక్కి ఇంటికొచ్చేటోడు. నేనూ, ఆయన అవ్వ లచ్చవ్వా సుల్తానాబాద్ల. ఇద్దరం ఒకరినొకరం తిట్టుకుంట సుఖంగనే ఉంటిమి.

ఆయనకు షుగరొచ్చింది. హోటల్ తిండి మానాలె అన్నరు. రిటైర్మెంటుకు ఇంక మూడు చలికాలాలు ఉండంగ, దసరా అయినంక, అత్తమ్మను తీసుకొని నేనే క్వార్టరుకు పోయిన. మూడేండ్లే గదా అనుకున్న. ఎవరు ఎక్కడికి పోయినా మొదట అనుకునే మాట అదే అయితది.

పోయిన మొదటి దినం ఇల్లు కడిగితే బట్ట నల్లగ అయింది. రెండో దినం కూడ అంతే. క్వార్టర్ల వెనుక, పైనుంచే తవ్వుకుంట పోయే ఓపెన్‌కాస్ట్ గని. తవ్విపోసిన మట్టి గుట్టలు ఎంత ఎత్తంటే, పొద్దు మాకు గంట ఆలస్యంగ కనబడేది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు గడగడలాడేటియి. చలికాలం మొదలైనంక ఆ పొద్దు కూడ కనబడుడు బందయింది. ఆదిలాబాద్ చలి గురించి వినుడే గని చూడలేదు. పదిగంటలకు కూడ మంచు, ఆ మంచుల పొగ, ఆ పొగల లారీల దుమ్ము. పగలు పన్నెండుకు లైటేసుకొని కూరగాయలు కోసేది. బియ్యం ఏరుకుంట ఊరికెనే ఏడ్చేదాన్ని. ఎందుకేడుస్తున్నవని అడిగితే అడిగినోళ్ళతోని కొట్లాడేదాన్ని. దిగులును రోగం అంటరని అప్పటికి నాకు తెల్వది.

పక్క క్వార్టరామె సుమన్‌బాయి. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర బార్డరు కాడ, నన్ను వైనీ అంటది, మరాఠీల వదినె అన్నట్టు. తెల్లారంగనే ఆమె కుంపటి రాజేసేది. పాత పెయింటు బకెట్‌కు లోపట మట్టి మెత్తి, ఇనుప జాలి పెట్టి, పిడకల మీద బొగ్గు. అరగంట పచ్చటి పొగ లేస్తది. ఆ పొగంత మా గడపల్నే. ఒకనాడు ఉండబట్టలేక అడిగిన. నేనేమన్న పొగకు తొవ్వ చూపెడుతున్ననా వైనీ, గాలి ఎటు పోతే అటు పోతది అన్నది. గాలికి తొవ్వ చూపెట్టకున్నా కుంపటికి తొవ్వ చూపెట్టొచ్చు గదా అన్న. పదిహేను రోజులు మాటల్లేవు.

పదహారో రోజు నేనే పోయి, కుంపటి ఎట్ల చేస్తరని అడిగిన. అత్తమ్మ చలికి ఓర్వలేకపోతున్నది. రెండు చద్దర్లు కప్పినా పండ్లు కొట్టుకుంటున్నయి. సుమన్‌బాయి మనసుల ఏం పెట్టుకోలే. బకెట్ ఆమెనే ఇచ్చింది, మట్టి ఆమెనే మెత్తింది. కాలనీల అందరికీ తెలిసిన పద్ధతి ఒకటి చెప్పింది: పొగ ఉన్నంతసేపు బయట, పొగ పోయినంక లోపట. బయట నీళ్ళు కాగుతయి. అప్పటికి బొగ్గు ఎర్రగ అయి పొగంత పోతది. అప్పుడు గుడ్డ పట్టుకొని నడిమి అర్రలకు తెచ్చి మంచం పక్కకు పెట్టుకుంటే మధ్యాహ్నం దాక వెచ్చగుంటది. బొగ్గు ఎక్కడిదని మాత్రం అడగొద్దు. బొగ్గు బాయి ఊర్ల ఆ మాట ఎవరూ అడగరు.

అత్తమ్మ ఆ చలికాలంల మొదటిసారి నన్ను మెచ్చుకున్నది. ఇన్నేండ్లకు నా కోడలికి ఒక పనొచ్చింది అన్నది. ఆమె లెక్కల అది మెచ్చుకునుడే.

సంక్రాంతి దాటినంక నాకు దగ్గు పట్టింది. మొదట పొడి దగ్గు, తర్వాత ఛాతిల పిల్లికూతలు. పొద్దుగాల పదింటికి మొదలై మధ్యాహ్నానికి తలకాయ పగిలిపోయేది. కంపెనీ దవాఖానల డాక్టర్ దమ్ము అన్నడు, ఆస్తమా అన్నట్టు. ఇంట్ల పొగ ఉంటదా అమ్మా అని అడిగిండు. లేదు అన్న. లేదనుడే కాదు, మా ఇంట్ల గ్యాస్ పొయ్యి, పొగ ఉన్నది మీ గనిల అని పది నిమిషాలు క్లాసు చెప్పిన. వెనుక లైన్ల ఉన్నోళ్ళు నవ్విండ్రు. ఆయన మందులు రాసిండు. నేను గెలిచిన అనుకొని ఇంటికొచ్చిన.

ఎండకాలం, కరీంనగర్

మందులకు తగ్గక కరీంనగర్ల ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పోయినం. అక్కడ పేరు రాయించినంక మూడు గంటలు కూసునుడే. ఆ హాల్ల అందరూ ఒక్కతీరుగనే కూసుంటరు, మోకాళ్ళ మీద చేతులానిచ్చి ముందుకు వంగి, భూమి మీద ఏదో పోగొట్టుకున్నట్టు. నా పక్కకు సిరిసిల్ల నుంచి వచ్చిన మరమగ్గాల ఆయన. నా కంటె చిన్నోడే, నా కంటె ముసలోనిలెక్క ఉన్నడు. నాకు దమ్ము లేచి మాట పోతుంటే, అక్కా, మూతి సున్న చుట్టి చాయ మీద ఊదినట్టు మెల్లగ ఊదు అన్నడు. నాతోని పాటు ఆయన కూడ ఊదిండు. పది సార్లు ఊదితే మాటొచ్చింది. ఆయన పేరు పిలిస్తే కూడ నాకు నెమ్మదయ్యేదాక లేవలే. ఆ ఊదుడు ఇప్పటికీ నన్ను కాపాడుతున్నది, ఆయన పేరేందో నేను అడగలే.

డాక్టర్ గొట్టంల ఊదించిండు, కాగితాలు చూసిండు. ఇప్పటికైతే మందులతోని బాగయితది, ఇంకో రెండు చలికాలాలు గిట్లనే పోతే మాత్రం ఊపిరితిత్తులు మళ్ళ మామూలు కావు, ఊరు మారితే మంచిది అన్నడు. ఆయన కూడ అదే అడిగిండు, ఇంట్ల పొగ ఉన్నదా అని. లేదన్న. మా ఆయన పక్కకే ఉన్నడు. ఆయన కూడ లేదన్నడు. ఇద్దరం అబద్ధం ఆడలే. మా కుంపటి లోపటికి వచ్చేసరికి పొగ ఉండదు.

ఊరెట్ల మారుతం? ఆయనకు రెండేండ్ల సర్వీసు. నేను సుల్తానాబాద్ పోతే ఆయన మళ్ళ హోటల్ తిండి, మళ్ళ షుగరు. దీని మీద ఇంట్ల రోజూ లొల్లి. నేను పోను అన్న, గనినే మార్పిస్త అన్న. రోడ్ల మీద నీళ్ళు చల్లాలె, లారీల మీద పట్టాలు కప్పాలె అని కంపెనీకి కాగితం రాసి, సంతకాలకు ఇల్లిల్లు తిరిగిన. కాలనీ ఆడోళ్ళు మంచిగనే దెప్పిండ్రు. సుల్తానాబాద్ల ఊక దుమ్ము తిని పెరిగిన ఆమెకు మా దుమ్ము ఎక్కువైందా అని. సంతకం పెట్టింది ముగ్గురే, అండ్ల సుమన్‌బాయి ఒకతి. మా ఆయన పెట్టలే. నా నౌకరి మీదికి తెస్తవా అన్నడు. నీ నౌకరి నా ఊపిరి మీద నడుస్తున్నది అన్న. ఆయన లేచి బయటికి పోయిండు. మాటలల్ల నేనే గెలుస్త, మా ఇంట్ల ఎప్పుడూ అంతే.

ఇప్పుడొక సంగతి చెప్పాలె, సిగ్గుగనే ఉన్నది. ఆ ఎండకాలం దుమ్ము చలికాలం కంటె ఎక్కువ. ఎండిన రోడ్డు మీద లారీ పోతే ఎదురింటి తలుపు కనబడకపోయేది. నా దమ్ము మాత్రం తగ్గింది. జూన్ కల్లా పిల్లికూతలు పోయినయి, తలనొప్పి పోయింది. దుమ్ము పెరిగితే రోగం తగ్గుడేందని ఒక్కసారన్న అనుకోవాలె గదా. పిల్లలకు కారణాలు, ఫలితాలు అని బోర్డు మీద రెండు గీతలు గీసి చెప్పినదాన్ని. నాకు తట్టలే. మందులు పనిచేసినయి అనుకున్న.

రెండో చలికాలం

దీపావళి కాంగనే నేను యుద్ధానికి తయారైన. పాత పేపర్లు చింపి, మైదా జిగురు కాచి, కిటికీ సందులన్నిటికి అంటిచ్చిన. తలుపు కింద తడి తువ్వాల. వంటింట్ల పొగగూటికి అట్టముక్క. దుమ్ము లోపటికి ఎట్ల వస్తదో చూస్త అన్న. మా ఆయన బూట్లు ఇప్పుకుంట చుట్టూ చూసి నవ్విండు. మా బాయి నయమే, ఫ్యానన్న పెట్టి గాలి తోల్తరు అన్నడు. ఆయన నవ్వులాటకే అన్నడు. ఆ మాటల ఏమున్నదో ఆయనే వినలే.

డిసెంబర్ కల్లా దమ్ము మళ్ళొచ్చింది, నిరుటి కంటె గట్టిగ. దానితోని తలనొప్పి, వాంతి వచ్చినట్టు. నేను ఇంకిన్ని పేపర్లు అంటిచ్చిన.

జనవరిల ఒక పొద్దు. మా ఆయన ఫస్టు షిఫ్టుకు పోయిండు. పోయేముందు కుంపటిల ఇంకో నాలుగు బొగ్గులేసి, ఎర్రగయినంక ఆయనే లోపటికి తెచ్చి వాళ్ళ అవ్వ మంచం పక్కకు పెట్టిండు. బయట మంచుకు ఎదురిల్లు కనబడుతలేదు. తొమ్మిదింటికి తల దిమ్ముగ అయింది. దుమ్మొస్తున్నదేమో అని చూస్తే ఒక కిటికీకి పేపరు జర లేచి ఉన్నది. జిగురు రాసి దాన్ని మంచిగ అద్దిన. ఇది నేను మర్చిపోను. ఆ ఇంట్ల గాలి వచ్చే ఆఖరి సందును నా వేళ్ళతోనే మూసిన.

దమ్ముకు ఇచ్చిన మందు పంపు పీల్చిన. తగ్గలే. అత్తమ్మ గుర్రుపెడుతున్నది, ఎన్నడూ లేనట్టు పెద్దగ. పాపం వెచ్చగ నిద్ర పట్టింది అనుకున్న. నేను కూడ జరసేపు ఒరుగుదామని గోడకు ఆనుకున్న. భయం కాలే. నొప్పి కాలే. ఎవరో దీపం సన్నం చేసినట్టు, అంతే.

మిగతాది సుమన్‌బాయి చెప్పింది. ఆమె వచ్చింది నా మంచి చెడ్డ చూడటానికి కాదు. వాళ్ళ ఆయనను పనికాడ ఎవరో ఏదో అన్నరట, కాగితం మీద తన సంతకం కొట్టెయ్యమని అడగనికి వచ్చింది. తలుపు కొట్టింది, పలుకలే. సంతకం కొట్టేస్తవా లేదా అని బయటినుంచే గట్టిగ అడిగింది. దానికి కూడ జవాబు రాలే. అప్పుడామెకు భయమైందట. తర్వాత దవాఖానల నాతోని అన్నది: "నువ్వు సచ్చినా జవాబు చెప్పకుండ ఉండవు వైనీ. గందుకే అనుమానమొచ్చింది." కిటికీ పేపరు గోర్లతోని చింపి, రెక్క గుంజి లోపటికి చూసి, చెయ్యి పెట్టి తలుపు గొళ్ళెం తీసింది. మొదట ఎముకల మూటలెక్క ఉన్న అత్తమ్మను ఎత్తుకొని బయట పండబెట్టింది. తర్వాత నన్ను కాళ్ళు పట్టి గుంజింది. నా వీపు మీద ఆ గీరలు చాన రోజులు ఉన్నయి.

దవాఖానల మూతికి ఆక్సిజన్ పెట్టిండ్రు. కండ్లు తెరిచేసరికి మా ఆయన నిలబడి ఉన్నడు. బాయిలనుంచి సక్కగ వచ్చినట్టున్నడు, మొగమంత నలుపు, నెత్తిన టోపీ, నడుముకు డబ్బా. ఆ డబ్బా బాయిల దిగే ప్రతి మనిషికి ఇస్తరు. గ్యాస్ పడితే మూతికి పెట్టుకొని బయటికి ఉరకనికి. డాక్టర్ అడుగుతున్నడు, ఇంట్ల బొగ్గు కాలుస్తరా, తలుపులు పెట్టుకొని కాలుస్తరా అని.  పొగ లేకున్నా ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే గ్యాస్ పేరు చెప్పిండు. ఆ పేరు మా ఆయన రిజిస్టర్ల రోజూ రాస్తడు.

నేను మాస్క్ పక్కకు జరిపిన. జరపకపోతే బాగుండు. నోరు నాది, ఆగుతదా. "రోజూ గ్యాస్ చూసేటోనివి. మీ అవ్వ మంచం పక్కకు నువ్వే తెచ్చి పెడితివి గదా" అన్న.

ఆయన నెత్తి మీది టోపీ తీసి చేతుల పట్టుకున్నడు.

"గా గ్యాస్ కండ్లకు కనబడదు, వాసన రాదు అని ఇరవై ఐదేండ్ల సంది మందికి చెప్తున్న సరోజా" అన్నడు. "కిటికీలు నువ్వు మూసినవ్. కుంపటి నేను తెచ్చిన. ఇద్దరం కలిసే చేసినం."

నేను మాస్క్ మళ్ళ పెట్టుకున్న.

తర్వాత

నాలుగు రోజులకు ఇద్దరినీ ఇంటికి పంపిండ్రు. అత్తమ్మ మంచిగనే ఉండె. దవాఖాన పప్పుల ఉప్పు లేదని తిట్టింది, సుమన్‌బాయిని కూసోబెట్టి చాయ తాపింది. గండం గడిచిందని మేము ఊపిరి తీసుకున్నం. మూడు వారాలైనంక ఒకనాడు ఆమె చెంబు పట్టుకొని, దీన్నేమంటరే అని అడిగింది. నవ్వులాట అనుకున్న. మరునాడు బాత్రూం తొవ్వ మర్చిపోయింది. నడక చిన్న చిన్న అడుగులైంది. మొగంల ఉన్న ఎకసెక్కమంత పోయి ఉత్త తోలు మిగిలింది.

కరీంనగర్ల డాక్టర్ చెప్పిండు, ఈ గ్యాస్ కొంతమందికి బాగైనంక మళ్ళొచ్చి దెబ్బ తీస్తదట. తేరుకునేటోళ్ళు తేరుకుంటరు, ఈ వయసుల చెప్పలేం అన్నడు. నాతోని మళ్ళ గొట్టంల ఊదించిండు. మామూలు కాదు, కాని నిరుటి కంటె దిగజారలే. అప్పుడు నేనే చెప్పిన, మీరు అడిగినప్పుడు పొగ లేదన్న గదా సారూ, పొగ పోయినంకనే లోపటికి తెచ్చేది. ఆయన తిట్టలే. తప్పు నాది కూడ ఉన్నదమ్మా, పొగ ఉన్నదా అని అడిగిన గని బొగ్గు ఉన్నదా అని అడగలే అన్నడు. ఒక డాక్టర్ నా ముంగట తప్పు ఒప్పుకుంటే నేను సంబరపడాల్సింది. ఏడుపొచ్చింది.

ఇది మూడో చలికాలం. ఇప్పుడు నేనూ మా ఆయన కలిసి ఇల్లిల్లు తిరుగుతున్నం. ఆయన డ్యూటీల చెప్పినట్టే చెప్తడు, ఎంత అర్రకు ఎంత బొగ్గయితే మనిషికి ఏమైతదో, మొదట తలనొప్పి, తర్వాత నిద్ర. మా తాతల సంది పెట్టుకుంటున్నం, మాకేం కాలే అంటరు కొందరు. మొన్నటిదాక దుమ్మన్నవ్, ఇప్పుడు కుంపటంటున్నవ్, రేపు ఇంకేమంటవ్ అని నన్ను ఎక్కిరిస్తరు. దుమ్మూ అంటున్న, కుంపటీ అంటున్న, రెండు నోర్లు కావాల్సిన పని లేదు. సుమన్‌బాయి కుంపటి ఇప్పుడు అరుగు దాటి లోపటికి రాదు. మీ ఇంట్ల కూడ అరుగు మీదనే ఆపుండ్రి. చలికి తట్టుకోలేకపోతే గొంగడి కప్పుకోండ్రి, ఇంట్లోళ్ళ పక్కకు ఒదిగి పడుకోండ్రి. పొద్దుగాల తలనొప్పి వచ్చి, బయటికి పోతే తగ్గుతుంటే, మందులు మింగకముందు కిటికీ తెరువుండ్రి. నీళ్ళు చల్లుమన్న కాగితానికి ఇప్పటికీ జవాబు లేదు. రెండో కాగితం పంపినం. దాని మీద మా ఆయన సంతకం ఉన్నది.

మా ఇంట్ల కిటికీలు రెండు వైపులా తెరిచి ఉంటయి. దుమ్మొస్తది, చలొస్తది. అత్తమ్మకు పొద్దుగాల చలి బాగ పెడుతది. ఏం జరిగిందో ఆమెకు తెల్వది. నేనెవరో కూడ కొన్ని రోజులు తెల్వది. పొద్దుగాల మంచంల ముడుచుకొని, "చలైతున్నది బిడ్డా, గా కిటికీ మూయి" అంటది. నన్ను జన్మల బిడ్డా అనలే ఈమె. మొదట్ల డాక్టర్ చెప్పిన గ్యాస్ సంగతంత విడమరిచి చెప్పేదాన్ని. ఆమె విని, మళ్ళ కిటికీ మూయమనేది. ఇప్పుడు చెప్పుడు బందు పెట్టిన. లేచి కిటికీ దాక పోత, అక్కడ జరసేపు నిలబడుత, మూసిన అత్తమ్మా అని వాపసొస్త. చల్లటి గాలి నా వెనుకనే వచ్చి ఆమె మొగానికి కొడుతది.

ఆమె నమ్ముతది. గొంగడి గడ్డం దాక గుంజుకొని, ఇప్పుడు జర వెచ్చగైంది అంటది.